అందరికీ తొమ్మిదే కావాలి

గుంటూరుకీ ఒంగోలుకీ మధ్య, మిరపచేల నడుమ ఉన్న ఒక ఇంజనీరింగ్ కాలేజీలో రోబోల పాఠం చెప్పేవాణ్ణి. రెండువేల దశకం చివరి రోజులవి. మా రోబోలంటే సబ్బుపెట్టెకి చక్రాలు తగిలించినట్టుండే బుల్లి బళ్ళు. చాలాకాలం అవి రోబోలు కావు, రాబోయేవే.

ఆ ఏడు బండికో రేడియో బిళ్ళ వచ్చింది. వైర్‌లెస్ అన్నమాట. మా ల్యాబులో వైర్లు ఎప్పుడూ లెస్సే కాబట్టి పెద్ద తేడా తెలియలేదు. కంప్యూటరు మాట దూరంలో ఉన్న బండికి అందకపోతే మధ్యలో ఉన్న బళ్ళు అందుకుని ముందుకు పంపడం ఆ బిళ్ళల గొప్ప.

"మిరపకాయల కోతలో మేస్త్రి గట్టు మీంచి మంచినీళ్ళ బిందె పంపమని అరుస్తాడు. చేను ఆ చివరికి వినపడదు. మధ్యవాళ్ళు ఒకరికొకరు అందిస్తారు. అంతే," అని పిల్లలకి చెప్పాను.

"మావైపు బిందె అని బయల్దేరితే చివరికి బూతై చేరుద్దండి," అన్నాడు వాడరేవు కుర్రాడు.

కబురు ఎవరిదో తెలియాలి గనక ప్రతి బండికీ ఒక అంకె. తన అంకె వింటే బండి ఆ పని చేసి ఊరుకుంటుంది. వేరే అంకె అయితే పక్కదానికి పంపుతుంది. బళ్ళ అడుగున చిన్న మీటలు తిప్పి ఒకటి నుంచి నాలుగు దాకా అంకెలు నేనే పెట్టి, జట్టుకొక బండి ఇచ్చాను.

ఇంతలో కరస్పాండెంటు గారి కన్ను మా గది మీద పడింది. కాలేజీ ఆయనదే. వెనక మిరపకాయల వ్యాపారం చేసిన మనిషి. ఏ గది చూసినా ఎన్ని బస్తాలు పడతాయా అనే చూస్తారు. హాస్టలు బియ్యానికి చోటు చాలడం లేదట.

"శనివారం వస్తానండి మాస్టారూ. మీ బళ్ళు నడిస్తే గది మీది. నడవలేదా, బస్తాలది."

శనివారానికి ఏర్పాటు ఇది. నాలుగో బండి వరండా మలుపు అవతల, నెత్తిన బంతిపువ్వుతో ఉంటుంది. మిగతా మూడూ ఇవతల, గోడవారగా. నేను గదిలో మీట నొక్కితే కబురు బళ్ళ మీదుగా మలుపు తిరిగి చేరాలి. గుమ్మం దగ్గర కూర్చున్న కరస్పాండెంటు గారికి పువ్వు రావాలి.

మావైపు పూజ చెయ్యకుండా కొత్త బండి కదలదు. శనివారం కరస్పాండెంటు గారు వచ్చి కూర్చున్నాక పిల్లలు బళ్ళకి బొట్లు పెట్టారు. చక్రం కింద నిమ్మకాయ పెట్టబోతే అది బండి ఎత్తున ఉంది. ఎండు మిరపకాయతో సరిపెట్టారు. చక్రం దాన్ని చిదిమింది, నేను తుమ్మాను. కాసేపు ఆగమన్నారు పిల్లలు. ఆగాల్సింది.

నాలుగు నొక్కాను. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కాను.

"బస్తాలు కూడా ఇట్టాగే కదలకుండా ఉంటాయండి. కరెంటు ఖర్చుండదు," అన్నారు కరస్పాండెంటు గారు.

నాలుగో బండి పొదిలి అమ్మాయి జట్టుది. ఆ పిల్ల నా పక్కకొచ్చి గొణిగింది. "సార్, తొమ్మిది నొక్కండి."

"తొమ్మిదేంటమ్మా?"

"పూజప్పుడు నంబరు మార్చానండి. తొమ్మిది కలిసొస్తుందని మా నాన్న ట్రాక్టరుకి కూడా అదే తీసుకున్నాడు."

తొమ్మిది నొక్కాను. ఇవతలి మూడు బళ్ళూ ఒక్కసారి పరుగందుకున్నాయి. ఒకటి నా చెప్పుని గుద్దింది. పువ్వు బండి మాత్రం మలుపు అవతలే ఉండిపోయింది.

"ఏరా, మీరూ మార్చారా?" అంది పొదిలి అమ్మాయి.

"నువ్వు మారిస్తే తప్పు లేదుగానీ!" అన్నాడు వాడరేవు కుర్రాడు.

ప్రతి జట్టూ పక్కవాళ్ళకి తెలియకుండా తొమ్మిదే పెట్టుకుంది. కబురు విన్న ప్రతి బండీ నాదే అనుకుని పుచ్చుకుంది. ఇక ముందుకు పంపేదెవరు?

"మార్చండర్రా," అన్నాను.

"ముందు వాళ్ళని మార్చమనండి సార్!"

నాలుగు జట్లదీ అదే మాట. కరస్పాండెంటు గారు కుర్చీలోంచి లేచారు. గది బస్తాల పాలైందనుకున్నాను.

"నా కారు నంబరు చూశారుగా? కూడితే తొమ్మిది. దానికోసం ఒంగోలు ఎన్నిసార్లు తిరిగానో మీకేం తెలుసు? తొమ్మిది ఊరికే వచ్చుద్దనుకున్నారంట్రా? అది నాది. పువ్వు నాకే గనక ఆ బండికుంచండి. మిగతావాళ్ళు నోరుమూసుకుని వేరేవి తీసుకోండి."

చెయ్యాల్సింది సరిగ్గా అదే. నేను చెప్పినా అదే చెప్పేవాణ్ణి. కాకపోతే నా మాట చేరదు, దారిలోనే ఆగిపోతుంది.

మార్చాక తొమ్మిది నొక్కాను. క్షణం సేపు ఏమీ లేదు. తర్వాత మలుపు దగ్గర బంతిపువ్వు కనిపించింది. పెళ్ళికూతురిలా నిదానంగా వచ్చి ఆయన కాళ్ళముందు ఆగింది. ఆయన కష్టపడి వంగి పువ్వు తీసి జేబులో పెట్టుకున్నారు. గదిని గోడ నుంచి గోడకి ఒకసారి కొలిచి చూశారు.

"ఉండనివ్వండి," అని వెళ్ళిపోయారు.

పిల్లలు తీరిగ్గా కూర్చుని అంకెలు పంచుకున్నారు. కంప్యూటరుకీ ఒకటి కావాలి. శనిదని ఎవరూ ముట్టని ఎనిమిది నాకు మిగిల్చారు.

"నాకే ఎందుకురా?" అన్నాను.

"మీ స్కూటరు నంబరు కూడితే ఎనిమిదే కదండీ," అన్నాడు వాడరేవు కుర్రాడు. "మీకు అలవాటే."