వత్సలాబాయి లాగేసిన కంచం

బట్టల మిల్లుల పేట లాల్‌బాగ్‌లో వత్సలాబాయి నోటికి జడవని మిల్లు కార్మికుడు లేడు. మొగుడు దూది దుమ్ముకు ఊపిరితిత్తులు పాడై మంచం పట్టాక, ఆవిడ ఒంటిగది ఇంట్లోనే పూటకూళ్లు మొదలుపెట్టింది. పెళ్లాం పిల్లల్ని ఊళ్లో వదిలొచ్చిన కొంకణం మగాళ్లకు పద్నాలుగేళ్లు వండి వార్చింది. సమ్మె మొదలైన రోజున ఒకే ఒక్క మాట చెప్పింది.

"గేటు బయట ఉన్నన్నాళ్లూ ఉత్తినే తినండి. లోపలికి పోయినవాడికి మాత్రం నా ఇంట్లో మంచినీళ్లు కూడా పుట్టవు."

ఎనిమిదో నెల వచ్చేసరికి కొందరు పోలీసు బండెక్కి దొంగచాటుగా పనిలోకి పోతున్నారు. వాళ్లను పట్టుకోవడం ఎంతసేపు? మిల్లులో పనిచేసినవాడి తలలో దూది పీచు దాగదు. ఆ మధ్యాహ్నం దగడూ వచ్చి వరసలో కూర్చున్నాడు. మొదటి రోజు నుంచీ ఆవిడ చేతి తిండే తిన్నవాడు, అందరిలా ‘మౌశీ’, అంటే పిన్నీ, అని పిలిస్తే సొంత అక్క కొడుకులా చూసుకున్న మనిషి. వాడి చెవుల వెనక తెల్లగా దూది!

"ఎక్కణ్నుంచిరా రాక?"

"మౌశీ, అదీ..."

"నోర్ముయ్! నాకు కళ్లు లేవనుకున్నావా?" కంచం లాగేసింది. చేతి గాజులు తీసి వాడి ముందు పడేసింది. "ఇవి తొడుక్కుని పో!"

గది గదంతా ఛీ కొట్టింది. దగడూ లేచి వెళ్లిపోయాడు.

నాలుగో రోజు పొద్దున్నే, పరుపులు కుట్టే కరీం బియ్యం మూట మోసుకొచ్చాడు. "దగడూ పది రోజులు నా కొట్లో దూది ఏకాడమ్మా. కూలీ చేతికివ్వద్దు, మౌశీ ఇంటికి బియ్యం వెయ్యి అన్నాడు. ఉత్తినే తింటుంటే ముద్ద దిగట్లేదట. ఇప్పుడేమో మిల్లు గేటు వైపు పోతూ కనిపించాడు."

అయ్యో, ఎంత పని చేసింది! చెప్పులైనా లేకుండా మిల్లు గేటు దాకా పరిగెత్తింది. పోలీసు బండి కిటికీ జాలీ వెనక దగడూ కనిపించాడు.

"దిగరా నాయనా! తప్పంతా నాది. అందరి ముందూ నీ కాళ్లు పట్టుకుంటాను. అన్నానికి రా!"

"టీ కొట్లో గ్లాసివ్వలేదు మౌశీ. ఉంటున్న గదిలోంచి నా చాప బయట పడేశారు. ఏ మొహం పెట్టుకుని తిరగను?" అన్నాడు దగడూ. "ఆ రోజు మీరంతా అన్నది అబద్ధం. నిన్నటి నుంచి నిజంగానే పోతున్నాను. ఇక నాకు అన్నం పెట్టకు, నీకు మాటొస్తుంది."

బండి లోపలికి పోయింది. ఆవిడ గేటు దగ్గరే కూలబడి గుండెలు బాదుకుంది.

మరుసటి ఏడాదికి సమ్మె విరిగిపోయింది. పని పోగొట్టుకుని ఊళ్లకు పోతున్నవాళ్లు ఆఖరి భోజనాల దగ్గర అందరికన్నా ముందు దగడూనే తిట్టిపోశారు.

"వాణ్ణేమీ అనకండి. లోపలికి తోసింది నేను," అంది వత్సలాబాయి.

"నీది పిచ్చి ప్రేమ మౌశీ," అని నవ్వి, ఇంకాస్త అన్నం వెయ్యమన్నారు. ఆవిడ ఏడుస్తూనే వడ్డించింది.