అద్దంలో కొండ

నా చిన్నప్పుడు, బహుశా పదో ఏట, ఒక సరస్సు ఒడ్డున నిలబడి, ఎప్పుడో పోయిన చిత్రకారుణ్ణి అబద్ధాలకోరని తిట్టి ఏడ్చాను. ఆయన బొమ్మ అచ్చువేసిన కార్డు నా చేతిలో ఉంది. కార్డులో సరస్సు, దాని అవతల కొండ. నా ఎదురుగా సరస్సు ఉంది, కొండ లేదు.

అప్పుడు మేము మిషిగన్‌లో, నోవైలో ఉండేవాళ్ళం. ఆ చిత్రకారుడు పంతొమ్మిదో శతాబ్దం మనిషి. వేసవంతా న్యూయార్క్ రాష్ట్రపు కొండల్లో తిరిగి పెన్సిల్‌తో గీసుకుని, చలికాలం పట్నంలో గదిలో కూర్చుని రంగులు వేసేవాడట. ఆయన గురించి బడిలో చెప్పే వంతు నాకొచ్చింది. ఆయన బొమ్మలోని చోటు లేనే లేదని ఒక పిల్ల ఎగతాళి చేస్తే, ఫోటో తీసి తెస్తానని అందరి ముందూ పంతం పట్టాను. అందుకే మా బాబాయి, పిన్ని నన్ను అంత దూరం కారులో తీసుకొచ్చారు.

"మ్యాప్ తిరగేసి పట్టుకునుంటారు. మొన్న నయాగరాకీ ఇలాగే తీసుకెళ్ళారుగా!" అంది పిన్ని, పులిహోర డబ్బా మూత తీస్తూ.

కారు అద్దాల నమూనాలు గీయడం బాబాయి ఉద్యోగం. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఆయనకు నిద్రపట్టదు. కార్డునూ నీళ్ళనూ మార్చి మార్చి చూసి ఆయనే తికమకపడ్డాడు. చివరికి కారును నీళ్ళవైపు తిప్పి ఆపాడు.

"రా తల్లీ, డ్రైవర్ సీట్‌లో కూర్చో."

"నాకు లైసెన్స్ లేదుగా బాబాయ్!"

"డ్రైవ్ చేయమన్నానా? చూడమన్నాను."

విండ్‌షీల్డ్‌లోంచి సరస్సు కనిపించింది. పైనున్న చిన్న అద్దంలో, మా వెనకున్న కొండ. రెండూ ఒక్క చూపులో. ఫోటో తీశాను. క్లాసులో కొందరు ఒప్పుకున్నారు, కొందరు అది కారు ఫోటో అని నవ్వారు. టీచర్ ఎటూ తేల్చలేదు.

ఎవరైనా అబద్ధం చెప్పారనిపిస్తే, ఇప్పటికీ మాట జారేముందు ఒకసారి వెనక్కి తిరిగి చూస్తాను. ఆ రోజు నాకు మిగిల్చింది అదే. తికమక మాత్రం తీరలేదు. పోయినేడు మనవరాలితో మళ్ళీ అక్కడికి వెళ్ళాను. కొండ శిఖరానికి ఒక పక్క విరిగినట్టు నొక్కు ఉంది. నేరుగా చూస్తే అది కుడివైపు, కారు అద్దంలో ఎడమవైపు. ఆయన బొమ్మలోనూ ఎడమవైపే. ఆయన కాలానికి కార్లు లేవు. కొండల్లోకి అద్దమేదైనా వెంట తీసుకెళ్ళేవాడా అని, ఆ బొమ్మ ఉన్న మ్యూజియంలో అడిగితే, తెలియదన్నారు.