మిరపఘాటు పట్టిన గ్లోవు

ఆ రోజుల్లో మా ప్రత్తిపాడు వైపు బేస్‌బాల్ ఆడతానని చెబితే, "క్రికెట్ రానోళ్ళు ఆడేదా అది?" అని అడిగేవాళ్ళు. నేను అందులోనూ సొంత చోటు లేని ఆటగాణ్ణి. ఎవరు రాకపోతే వాళ్ళ చోట నిలబడాలి, అందరూ వస్తే గట్టున కూర్చోవాలి. అలాంటివాణ్ణి యుటిలిటీ ప్లేయర్ అంటారని మా కోచ్ గారు గౌరవంగా చెప్పారు. (అమ్మకు వివరిస్తే, "అంటే పెళ్ళింట్లో ప్రతివాడూ కేకేసే మనిషివన్నమాట" అంది.) రాష్ట్ర జట్టులో పడితే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగానికి దారి దొరుకుతుంది. నా వయసుకు ఆ ఏడే ఆఖరి అవకాశం.

ఎంపిక మ్యాచ్ రోజు పొద్దున్నే మబ్బు పట్టింది. కళ్లంలో ఆరబోసిన మిరపకాయలను బస్తాల్లోకి ఎత్తందే కదలనివ్వనంది అమ్మ. చెయ్యి మండితే బంతి పట్టలేనని, నా తెలివి కొద్దీ గ్లోవు తొడుక్కుని కాయలు కుక్కాను. తర్వాత దాన్ని రెండు దులుపులు దులిపి సంచిలో వేసుకుని గుంటూరు బస్సెక్కాను.

మా జట్టులో ఎవరి గ్లోవు వాళ్ళదనే పద్ధతి లేదు. బ్యాటింగ్‌కు వెళ్ళేటప్పుడు అన్నీ ఒక గోనెపట్టా మీద పడేసేవాళ్ళం, ఫీల్డింగ్‌కు దిగేటప్పుడు ఎవరి చేతికందింది వాళ్ళు తీసుకునేవాళ్ళం. ఆ రోజు నా గ్లోవు మొదట పొడుగన్నకు దొరికింది. ఫస్ట్ బేస్ దగ్గర నిలబడే చోటు ఆయనదే, అప్పటికే రెండుసార్లు రాష్ట్రానికి ఆడినవాడు. మధ్యలో ఆ చేత్తోనే చెమట తుడుచుకుని, కళ్ళు మూసుకుని కుళాయి దగ్గరికి పరుగెత్తాడు. "ఒరేయ్, నువ్వు పో" అన్నారు కోచ్ గారు. నేను వేరే గ్లోవుతో దిగాను. తర్వాతి ఇన్నింగ్స్‌లో నా గ్లోవే థర్డ్ బేస్ అతనికి అందింది. అతనూ కుళాయి దగ్గరికే పోయాడు. పొడుగన్నను వెనక్కి పిలిస్తే, "ఇంకా మండతన్నాయండి" అన్నాడు. సంగతి నాకు అప్పుడే అర్థమైంది. చెప్పాలి, కానీ చెప్పలేదు. గ్లోవును సంచి అడుగున దాచి, ఫస్ట్ బేస్‌కు ఇంకొకణ్ణి పంపిన కోచ్ గారు నాకు చూపించిన థర్డ్ బేస్‌కు పరుగెత్తాను.

"ఎక్కడ పెట్టినా ఆడుతున్నాడే" అంటూ ఎంపిక చేసే పెద్దాయన నా పేరు రాసుకున్నారు. రాష్ట్ర జట్టులోనూ ఎక్కువగా గట్టు మీదే గడిపాను, అయినా ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు బడిలో ఆటల మాస్టారిని. (లెక్కల మాస్టారు రాకపోతే ఆ క్లాసులోకి, వంటమనిషి రాకపోతే గరిటె దగ్గరికి నేనే.)

ఈ మధ్య మార్టూరులో, గ్రానైట్ పలకలు పాలిష్ చేసే చోట పొడుగన్న కనిపించాడు. ఇన్నేళ్ళ సిగ్గునూ దించుకుందామని గ్లోవు సంగతి చెప్పేశాను.

"ఆ ఘాటు నాకు తెలీదంటావేంట్రా? మాదీ మిరప చేనే గదా" అన్నాడు.

"మరి అప్పుడే అనలేదేం అన్నా?"

"అయిదు నిమిషాల్లో తగ్గిపోయింది. ఎప్పుడు చూసినా గట్టునే కూర్చుంటన్నావు గదా, ఆడనీలే అని కుళాయి కాడే ఉండిపోయా."

దొంగిలించాననుకున్న చోటు ఆయన జరిగి ఇచ్చిందట. ఆ సాయంత్రం గ్లోవు దాచుకుని, నా తెలివికి నేనే మురిసిపోతూ బస్సెక్కిన ఆ కుర్రాడు గుర్తొస్తే నవ్వొస్తుంది. పొడుగన్నకు ఆ రోజే దణ్ణం పెట్టనందుకు కొంచెం బాధగానూ ఉంటుంది.