తుళ్లూరు ఒప్పుకోని బటన్

మొన్న ఉదయం నా వెబ్‌సైట్ నుంచి ‘అంగీకరిస్తున్నాను’ అనే బటన్‌ను తీయించేశాను.

పత్రికలో ఉద్యోగ విరమణ అయ్యాక బ్రాడీపేటలో ఇంట్లోనే కూర్చుని మిర్చి, పత్తి రైతుల కబుర్లు అందులో రాస్తున్నాను. ఎవరూ చదవకపోతే ఉగాదికి మూసేద్దామని, ఎంతమంది చూస్తున్నారో చెప్పే ఏర్పాటు ఒకటి పెట్టించాను. అది పేజీ తెరిచినవాళ్ల గుర్తులు దాచుకోవడానికి అనుమతి అడిగేది. ఒప్పుకున్నవాళ్లనే లెక్కేసేది. నెల తిరిగినా ఎనిమిది మందే తేలారు.

ఇంతలో తుళ్లూరు నుంచి నా పాత పాఠకుడు, ఒక రైతు, ఫోన్ చేశారు.

“ఏవండీ, మీ పేజీ తెరవగానే ఒప్పుకోమంటోంది. రాజధానికి పొలం ఇచ్చేటప్పుడు ఒప్పుకుంటూ బోలెడు సంతకాలు పెట్టాం. మళ్లీ ఇదేంటండీ?”

“అయితే చదవడం మానేశారా?”

“భలేవారే! మా అల్లుడు ఒప్పుకున్నాడుగా, ఆయనకి పొలం లేదు. టీ కొట్టు దగ్గర ఆయన పైకి చదువుతాడు, మేమంతా వింటాం.”

నవ్వాపుకోలేక, సైట్ పని చూసే మా అన్నయ్య కూతురికి ఈ సంగతి చెప్పాను. తను పాతది తీసేసి, ఎవరి గుర్తులూ దాచుకోకుండా చూసినవాళ్ల లెక్క మాత్రమే చెప్పేది పెట్టింది.

“ఇక ఎవర్నీ ఏమీ అడగదు బాబాయ్,” అంది.

ఈ ఉదయం చూస్తే ముప్ఫై ఒకటి. ఉగాదికి మూసే మాట మానుకున్నాను. తుళ్లూరు టీ కొట్టు దగ్గర ఎంతమంది వింటున్నారో మాత్రం ఇప్పటికీ తెలియదు.