కాలవ చూసిపోండని పిలిచినందుకు

నవ్వుతారని తెలిసే చెప్తాండా. నవ్వుకోండి, ఏం పర్వాలేదు. మధ్యలో మాత్రం లేచి పోవద్దండి, వినే మనుషులు లేచిపోతే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. మొన్న శుక్రవారం నా భక్తీ, నా మర్యాదా, నా నోరూ ఏకమై మా వీధి కొంప ముంచినాయి. ముంచినాయంటే మాటవరసకు కాదు, నిజంగా మురుగునీళ్ళల్లోనే!

మాది ప్రొద్దుటూరు. వీధి పేరు చెప్పను, ఇప్పటికే దానికి కావాల్సినంత పేరొచ్చింది. పన్నెండిండ్ల సందు మాది. ప్రతి శనివారం మా ఇంట్లో నరసింహస్వామి భజన. పాడేది నేనే, పాడించేది నేనే, పాటకూ పాటకూ మధ్య కథలు చెప్పేదీ నేనే. అందుకే అందరూ నన్ను భజన ఓబులక్క అంటారు. మా ఆయన మాత్రం మైకు అంటాడు. కలమల్ల కరెంటు ప్లాంటులో ఏండ్ల తరబడి మిషన్ల మోతలో పనిచేసి రిటైరైన మనిషి. "చెవులు సగం ఆడ పోగొట్టుకోని వచ్చినా కాబట్టే ఈమెతో సంసారం నిలబడింది" అని నలుగురిలో చెప్తాడు. స్వామి నాకు ఓర్పు శానా ఇచ్చినాడు, అదొక్కటే అనుకుంటా.

సరే, విషయానికొస్తా. మా సందుకు అడ్డంగా ఒక మురుగుకాలవ పోతుంది. దాని మీది బండ పగిలి ఏడాదయింది. మన కడప బండలు లారీలెక్కి దేశమంతా తిరిగొస్తాయి గానీ, మా కాలవ మీదికి మాత్రం ఒక్కటీ రాలేదు! పగిలిన ముక్కలు లోపల పడి కాలవ పూడిపోయింది. వాన పడిందా, ఆ మురుగంతా పొంగి నేరుగా పోయేది మా ఎదురింటి మాబున్ని ఇంట్లోకే. ఆమె మొగుడు కువైట్‌లో డ్రైవరు. తను ముందు గదిలో కుట్టు మిషన్ పెట్టుకోని వీధిలో ఆడోళ్ళందరికీ జాకెట్లు కుడతాది. పోయిన వానకు ఆ గదిలో మోకాటిలోతు నీళ్ళు నిలిచి మిషన్ మోటరు కాలిపోయింది. ఎవరో పెండ్లికూతురి పట్టు జాకెట్టు మురుగులో తేలింది.

ఆ దినం నా దగ్గరికొచ్చి కండ్లనీళ్ళు పెట్టుకునింది. "అక్కా, ఇంకొక్క వానకు ఇట్లనే అయితే నేను ఈడ ఉండను. మిషన్ ఎత్తుకోని మా అమ్మగారింటికి కమలాపురం పోతా."

ఊరుకుంటానా నేను? అర్జీ రాయించి, బండ పగిలిన చోట పడిన గుంత ఫోటో అంటించి, పన్నెండిండ్లలో సంతకాలు పెట్టించి మున్సిపల్ ఆఫీసులో ఇచ్చొచ్చినా. నాలుగుసార్లు తిరిగినాక ఇంజనీరు సారు దొరికినాడు. మంచి మనిషే పాపం. "శుక్రవారం పదింటికి వస్తానమ్మా. ఇంకా మూడు వీధులు ఉండాయి నా లిస్టులో. ఏది అధ్వానంగా ఉంటే దానికి ముందు పని రాస్తా. ఉండేది మాత్రం పది నిమిషాలే" అన్నాడు.

అధ్వానంగా ఉండాలంతే! ఇంతకన్నా సులువైన పరీక్ష ఉంటాదా? ఆ సాయంత్రమే కొళాయి దగ్గర అందరినీ పోగేసి మీటింగు పెట్టినా.

"చూడండమ్మా, ఈ పొద్దు నుంచి శుక్రవారం దాకా ఎవరూ చీపురు ముట్టద్దు. చెత్త యాడిది ఆడే ఉండనీండి. సారు సందులోకి తిరగడంతోనే ముక్కు మూసుకోవల్ల. మాబున్ని ఇంట్లో గోడ మీద నీళ్ళ మరక చూసి ఆయనకు కండ్లు తిరగవల్ల!"

మా పక్కింటి నాగరత్న నన్ను ఎగాదిగా చూసింది. "మేము ఉంటాంలే గానీ ఓబులక్కా, నువ్వు ఉండగలవా?"

"నేనా? చీపురు కాదు గదా, చీపురుపుల్ల కూడా ముట్టను!"

స్వామి మీద ఒట్టు మాత్రం పెట్టలేదు. అదొక్కటీ మంచి పని చేసినా.

మంగళ, బుధ, గురువారాలు కండ్లు మూసుకోని గడిపినా. శుక్రవారం పొద్దున తలకు పోసుకోని, తలుపు తీసినా. వాకిట్లో ఎండుటాకులు, చిరిగిన కవర్లు, కుక్కలు లాగేసిన విస్తరాకు. శుక్రవారమండీ! లక్ష్మీదేవి మా గడప దాకా వచ్చి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోని, "ఓబులమ్మా, నువ్వూనా?" అని వెనక్కి తిరిగిపోతాన్నట్టే అనిపించింది నాకు. గుండె ఆగలేదు. నా గడప ముందర మటుకే, రెండే రెండు చెంబుల కల్లాపి చల్లుదామనుకున్నా. చల్లినాక ముగ్గు లేకుంటే బోసిగా ఉండదా? నాలుగు చుక్కలు పెట్టినా. నాలుగు చుక్కలు పెట్టిన చెయ్యి ఆగుతాదా? పద్మం వేసినా. పద్మం వేసినాక రంగులు...

నాగరత్న తలుపు తీసింది. ఒకసారి నా వాకిలి చూసింది, ఒకసారి తన వాకిలి చూసుకునింది.

"ఏమక్కా, ఇది న్యాయమేనా? నీ వాకిలి గుడి మాదిరి పెట్టుకుంటివి. పక్కనే నాది చూస్తే ఆ సారు నన్ను సోమరిపోతు అనుకోడూ?"

చీపురు తీసింది. ఆమెను చూసి అవతలింటామె తీసింది. ఎనిమిదయ్యేసరికి పన్నెండిండ్ల ముందరా ముగ్గులే! ఒకరిది చూసి ఒకరు చుక్కలు పెంచుకుంటా పోయినారు.

మాబున్ని బయటికొచ్చి బుగ్గన చెయ్యి పెట్టుకునింది. "అల్లా! ఏందక్కా ఇది, పండగా?"

నాకు తల కొట్టేసినట్టయింది. "అది కాదు మాబున్నీ... ఎంతైనా మనింటికొచ్చే మనిషి. చెత్తలోకి రమ్మంటామా చెప్పు?"

ఆమె గిరుక్కున తిరిగి లోపలికి పోయింది. కోపమొచ్చిందనుకున్నా. కాసేపటికి పూలపూల కొత్త కర్టెను ఒకటి పట్టుకోని వచ్చి, ముందు గదిలో నీళ్ళ మరక ఉన్న గోడకు మేకులు కొడతాంది!

"ఏంది, మరక చూపిస్తాంటిమి గదా?"

"అందరిండ్లూ మెరిసిపోతాంటే మాది ఒక్కటీ గలీజుగా కనబడితే మానం పోతాదక్కా. ఆయన అడిగితే ఎత్తి చూపిస్తాలే" అనింది.

ఇంక మిగిలింది గుంత. దాన్ని చూస్తాంటే నాకు కొత్త భయం పుట్టింది. సారు ఫోను చూసుకుంటా వచ్చి అందులో కాలు పెడితే? మన వీధికి పిలిచి మనిషి కాలు విరగ్గొట్టిన పాపం యాడ కడుక్కోవల్ల? లోపలికి పోయి, శనివారం స్వామి పటం పెట్టే భజన బల్లను మా ఆయన చేత మోయించుకోని వచ్చి గుంత మీద వేయించినా. గుంతకు అతికినట్టు సరిపోయింది, చేయించి పెట్టినట్టు.

మా ఆయన నడుము పట్టుకోని నిలబడి అడిగినాడు. "ఏమే, చూపించాల్సింది దీన్నే గదా?"

"చూపించేటప్పుడు తీస్తాంలే."

"ఎవరు తీసేది?"

"ఎవరో ఒకరు! నీకన్నీ అనుమానాలే!"

స్వామి కూర్చునే బల్ల. వట్టిగా పెడితే బాగుండదని జంపఖానా పరిచినా. నాలుగు మూలలా పసుపు కుంకుమ పెట్టినా. అయినా కింది నుంచి వాసనొస్తాంది. శుక్రవారం పూట ఆ వాసనేందని రెండు పక్కలా సాంబ్రాణి పొగ వేసినా. అరగంటలో కాలవ దగ్గర నిలబడితే కొండ మీద గర్భగుడి ముందర నిలబడినట్టే ఉండాది!

పదింపావుకు సారు వచ్చినాడు. సందు మొగన బండి ఆపి, "ఇదేనా అర్జీ ఇచ్చిన వీధి?" అని పక్కనున్న మనిషిని అడిగినాడంట. నేను హారతి పళ్ళెంతో ఎదురుపోయినా. నాగరత్న ఉగ్గాని, బజ్జీల ప్లేటుతో వచ్చింది. వద్దంటే వినే వీధా మాది? పాపం నిలబడే తిన్నాడు. మూడు నిమిషాలు అక్కడికే పోయినాయి.

తర్వాత వీధి తరఫున ఎవరో ఒకరు రెండు మాటలు చెప్పాలి కదా. అందరూ నా వైపు చూసినారు. నేను మనిషిని పొట్టి. వెనకున్నోళ్ళకు కనబడనని బల్ల మీదికెక్కినా.

ఎదురుగా ముప్పై మంది! చేతిలో మైకు లేదన్న మాటే గానీ, నాకు వేరే లోకంలోకి పోయినట్టయింది. ముందు స్వామికి దండం పెట్టుకున్నా. అతిథి దేవుడితో సమానమని ఒక కథ చెప్పినా. ఆ కథకు బాగా తలలూపినారని ఇంకొకటి చెప్పినా. మా సందులో ఉగాదికి మాబున్ని ఇంటికి మా పచ్చడి ఎట్ల పోతాదో, రంజాన్‌కు ఆమె సేమియా మా ఇంటికి ఎట్లొస్తాదో చెప్పినా. సారు కూడా నవ్వినాడు. ఎదురుగా మాబున్ని మాత్రం కండ్లు పెద్దవి చేసి నా కాళ్ళ దిక్కు చూపిస్తాంది. కుచ్చిళ్ళు జారినాయేమో అనుకోని సర్దుకున్నా. మళ్ళా చూపించింది. మళ్ళా సర్దుకున్నా.

సారు ఫోను మోగింది. చూసి జేబులో పెట్టుకోని, "బాగుందమ్మా, శానా బాగుంది. ఇంతకూ ఆ కాలవ యాడ?" అన్నాడు.

"ఇక్కడే సార్, నా కాళ్ళ కిందనే!"

సారు వంగి చూసినాడు. జంపఖానా, పసుపు కుంకుమ, సాంబ్రాణి పొగ. "ఓ, మూత వేసుకున్నారే! గట్టిగా ఉందా ఇది?"

ఇప్పుడు మీరే చెప్పండి. నా దేవుడి బల్లను పట్టుకోని గట్టిగా ఉందా అని అడిగితే నాకెట్లుంటుంది? మా నాయన జమ్మలమడుగులో దగ్గరుండి చేయించి ఇచ్చిన టేకు బల్ల! రోషమొచ్చేసింది.

"గట్టిగానా సార్? చూడండి!" అని ఆ బల్ల మీద రెండుసార్లు ఎగిరి దూకినా.

ధన్! ధన్! బల్ల కదిలితే ఒట్టు.

"భేష్! అట్లే నిలబడమ్మా" అని సారు ఫోను తీసి ఫోటో పట్టుకున్నాడు. నేను చేతులు జోడించి, పండ్లన్నీ కనబడేట్టు నవ్వినా. "ప్రజలంటే మీ మాదిరి ఉండాలమ్మా. వాసన కూడా లేదు!" అని నమస్కారం పెట్టి, ఇంకో వీధి చూడాలని బండెక్కి వెళ్ళిపోయినాడు.

బండి మలుపు తిరిగింది. వీధి వీధంతా నన్నే చూస్తాంది. అప్పుడు వెలిగింది నాకు, నేను దేని మీద నిలబడుకోని ఉన్నానో.

మా ఆయన నిదానంగా అన్నాడు. "ఎవరో ఒకరు తీస్తారంటివే. దిగు, తీస్తా."

సోమవారం మధ్యాహ్నం వాన పట్టుకునింది. నీళ్ళు రాకముందే పరిగెత్తిపోయి నేనూ మాబున్నీ కలిసి, కొత్త మోటరు వేయించిన ఆమె మిషన్ ఎత్తుకోని మా ఇంట్లోకి తెచ్చినాము. ముందు గదిలో మా ఆయన మంచం, టీవీ. జాగా యాడ? పూజగదిలోనే పెట్టినాము, స్వామి పక్కన. కాలవ పొంగి ఆమె గదిలోకి పోయి, కొత్త కర్టెను సగం దాకా నానిపోయింది.

"నన్ను తిట్టు మాబున్నీ, తిడితే నాకు కొంచెం హాయిగా ఉంటుంది" అన్నా.

"కర్టెను కట్టినది నేను, నిన్నేం తిట్టేదక్కా" అనింది తల తుడుచుకుంటా. "కమలాపురం పోదామనుకుంటి. ఇంక నా మిషన్ మీ స్వామి దగ్గర తాకట్టు పడింది, యాడికి పోతా? కాలవ బాగయ్యేదాకా ఈడనే కుడతా. నువ్వు భజన మాత్రం కొంచెం మెల్లగా చెయ్."

ఆ మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది. బుధవారం ఇద్దరమూ కలిసి మళ్ళా ఆఫీసుకు పోయినాము. కంప్యూటరు ముందు కూర్చున్న అబ్బాయి మా అర్జీ నంబరు కొట్టి, "ఇది అయిపోయిందమ్మా. సమస్య పరిష్కారమైందని ఉంది" అన్నాడు.

"ఎట్లయితాది నాయనా? మొన్ననే మునిగిపోయినాము!"

అతను స్క్రీను మా వైపు తిప్పినాడు. ఎడమ పక్క, పనికి ముందు అని రాసి, మా గుంత. నల్లగా నోరు తెరుచుకోని ఉండాది. కుడి పక్క, పని తర్వాత అని రాసి...

నేను! చేతులు జోడించి, ముప్పై రెండు పండ్లూ పెట్టి నవ్వుతాండా. కింద రాసినారు: మూత అమర్చడమైనది.

"నాయనా, అది మూత కాదు, నేను!" అన్నా.

అతను ఫోటో చూసినాడు, నన్ను చూసినాడు, మళ్ళా ఫోటో చూసినాడు. కొత్త అర్జీ కాగితం ఒకటి నా చేతిలో పెట్టినాడు. నింపి ఇచ్చినా. మాబున్ని నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకోని, నా చెయ్యి పట్టి లాగింది.

"జల్దీ పోదాం పా అక్కా. ఆడ కాలవ తెరిచిపెట్టి నువ్వు ఈడ కూర్చుంటే ఎట్ల?"

లేచి వచ్చేసినా. ఏమంటారు మరి? గవర్నమెంటు రికార్డుకెక్కిన మూతను. డ్యూటీ వదిలేసి ఊరు తిరిగితే తప్పు కదా!