గోడకి అటూ ఇటూ ఒకే మ్యాచ్

మా చిన్నప్పుడు మ్యాచ్ ఉందంటే, పొద్దున్నే మా అమ్మ అరుగు మీది పూలకుండీలన్నీ దింపించేసేది... జనం కూర్చోవాలి కదా మరి.

కడియంలో మా వీధికి మొదట టీవీ వచ్చింది మా ఇంటికే. దూరదర్శన్‌లో మ్యాచ్ వస్తుంటే తలుపు వేసుకోవడం మహా తప్పు కింద లెక్క. పేచీలున్నవాళ్ళు కూడా వచ్చి కూర్చునేవారు.

పక్కింటి సూర్రావు గారూ అలాగే వచ్చేవారు. ఆయనకి నర్సరీ. వాళ్ళ జామకొమ్మ గోడ దాటి మా వైపు వాలిందని, బళ్ళో మాస్టారైన మా నాన్నగారు కొట్టించేశారు. మొక్కల మనిషి కదా... ఆయన ప్రాణం ఉసూరుమంది. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. సౌండు పెంచమనాలన్నా నాతోనే చెప్పించేవారు, నాన్నగారు పక్కనే ఉన్నా సరే. నాకు భలే నవ్వొచ్చేది.

ఓసారి టీవీ పెడితే మ్యాచ్ రాలేదు. హక్కులు ఇంకో ఛానల్ వాళ్ళు కొనుక్కున్నారట, కేబుల్ ఉంటేనే వస్తుందట. ఆట చూడ్డానికి హక్కులేంటని నాన్నగారు విసుక్కున్నారు. మా చదువులు పాడవుతాయని కేబుల్ వద్దన్నది ఆయనే.

కేబుల్ ఉన్నది సూర్రావు గారింట్లో. వీధి వీధంతా అటే వెళ్ళింది. నాన్నగారు మాత్రం ఏ మొహం పెట్టుకుని వెళ్తారు... పేపరు పట్టుకుని, ఒక్క పేజీ తిప్పకుండా కూర్చున్నారు. అటు నుంచి కేకలు వినిపిస్తుంటే, ఆయన్ని చూసి నాకు ఏడుపొచ్చింది.

కాసేపటికి సూర్రావు గారు మా గుమ్మం దగ్గరికి వచ్చారు. ఈసారి నన్ను పిలవలేదు.

"మాస్టారూ, మీకో కుర్చీ ఖాళీగా ఉంచానండి. రండి."

నాన్నగారు చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళిపోయారు.

ఇప్పుడు ఇద్దరికీ మోకాళ్ళ నొప్పులు. ఒక టోర్నీ ఒక యాప్‌లో, ఇంకోటి ఇంకో దాంట్లో... ఎవరి ఫోన్ వాళ్ళదే. పైగా నాన్నగారి ఫోన్‌లో బంతి కాస్త ఆలస్యంగా పడుతుంది. గోడ అవతల నుంచి "ఫోర్" అన్న కేక ముందే వచ్చేస్తోందని, మజా అంతా పోతోందని తెగ చిరాకు పడేవారు.

మొన్న ఊరెళ్ళినప్పుడు అటు వైపు చప్పుడే లేదు. సూర్రావు గారికి ఒంట్లో బాగాలేదేమోనని వెళ్ళి చూశాను. ఫోన్‌లో ఆట సాగుతూనే ఉంది... ఆయన మాత్రం నోరు గట్టిగా మూసుకుని కూర్చున్నారు. ఎందుకండీ అంటే, మా ఇంటి వైపు చెయ్యి చూపించారు.

"ఉండమ్మా... మీ నాన్నగారికి ఆ బంతి ఇంకా పడలేదు."

గోడ అవతల నాన్నగారి కేక వినపడ్డాక, అప్పుడు ఈయన చప్పట్లు కొట్టారు.

అప్పట్లో వీధంతటికీ బంతి ఒకేసారి పడేది. ఇప్పుడు ఒకరి కోసం ఒకరు ఆగాల్సి వస్తోంది... మీ వీధిలో మ్యాచ్ ఎవరింటి అరుగు మీద చూసేవారు?