నిలబడి పోయే బండి

చేతికర్ర పట్టుకోమని డాక్టరు చెబితే మా ఆయన మోటారు బండి కొన్నారు. మరీ పెద్ద బండేం కాదు. నిలబడటానికి ఒక పలక, ముందు పొడుగాటి కడ్డీ, దాని మీద హ్యాండిల్, కింద ఇడ్లీ ప్లేటంత చక్రాలు రెండు. కరెంటుతో నడుస్తుంది. సీటేదని అడిగితే, "ఇది నిలబడి పోయే బండి, సీటెందుకే?" అన్నారు. ఆ మాట విడగొట్టి అన్నారో, కలిపి అన్నారో అప్పుడు నేను పట్టించుకోలేదు.

మాది వాషర్‌మెన్‌పేట్. సౌకార్‌పేటలో లేసులు, గుండీలు, జరీ అంచులు టోకుగా అమ్మే కొట్టు ఉంది. మామగారు పోయినప్పటి నుంచి గల్లా పెట్టె వెనక మెత్త మీద కూర్చునేది మా ఆయన. పక్కన స్టూలు మీద మా మరిది. మోకాలు అరిగిందని తెలిశాక మరిది ప్రేమగా అన్నాడు: "అన్నా, నువ్వు ఇంటికాడ రెస్టు తీసుకో. ఆడ నేను చూసుకుంటా." మా ఆయనకు ఆ ప్రేమ ఎక్కడో గుచ్చుకుంది. కర్ర పట్టుకుని కొట్టు మెట్టెక్కిన రోజే ఆ మెత్త తనది కాకుండా పోతుందని ఆయన భయం. బయటికి ఒప్పుకోరు గానీ, అన్నం సగంలో లేచిపోతుంటే నాకు తెలియదా?

ఆటో బజారు మొదట్లో దింపేస్తుంది. అక్కడి నుంచి కొట్టు దాకా నడవడమే ఆయనకు గండం. ఆ సందుకోసమే ఈ బండి. మడిచి ఆటోలో పెట్టుకుని, దిగాక విప్పి, దాని మీద ఎక్కి పోవాలట. బండి ఎక్కడానికి ముందు బండినే ఆటో ఎక్కించాలన్నమాట. చాలా ప్రాక్టికల్ అన్నారు మా ఆయన.

మా పేటలో లారీ అయినా, సైకిలైనా చక్రం కింద నిమ్మకాయ తొక్కించకుండా వీధి దాటదు. దీనికి మాత్రం మినహాయింపు ఎందుకు? కడ్డీకి పసుపు రాసి, బొట్టు పెట్టి, పూలదండ నాలుగు చుట్లు చుట్టాం. బూడిద గుమ్మడికాయ పగలగొట్టాం. చక్రాల ముందు నిమ్మకాయలు పెట్టాను. వీధి వీధంతా చూస్తోంది. ఆయన పంచె ఎగగట్టి, పలక ఎక్కి, మీట నొక్కారు. చక్రం నిమ్మకాయను తొక్కలేకపోయింది. బండి ఆగింది, ఆయన మాత్రం ఆగలేదు. పోయి పోయి గుమ్మడికాయ ముక్కల్లో పడ్డారు.

అందరికన్నా ముందు పరుగెత్తుకొచ్చి లేపింది మరిదే. "దెబ్బ తగిలిందా అన్నా?"

"సుమ్మా ఉండు రా, ఏం కాలేదు. బ్రేకు ఎట్లా ఉందో చూసినా. బాగా పడతా ఉంది."

నాకు నవ్వు ఆగలేదు. లోపలికి తీసుకెళ్లి మోచేతికి పసుపు అద్దుతుంటే ఆయన తలుపు వేసెయ్యమన్నారు. అప్పుడు మాత్రం ఏడుపొచ్చింది. కత్తిపీట దగ్గర కూర్చుని ఇంకో నిమ్మకాయ సగానికి కోసి, బోర్లించి పెట్టాను. ఈసారి చక్రం ఎక్కి దిగింది. దేవుడు సర్దుకున్నాడు.

మొదటి రోజు నేనూ కూడా వెళ్లాను. హెల్మెట్ పెట్టుకోమంటే, మనిషి నడకంత స్పీడు కూడా లేని దానికి అదెందుకన్నారు. ఎంత స్పీడు పోతుందని ఆటో డ్రైవరు అడిగితే మాత్రం గాలిలా పోతుందన్నారు. బజారు మొదట్లో నిలబడ్డ పోలీసు దాని చుట్టూ ఒకసారి తిరిగి, "ఇది వండియా, బొమ్మయా సార్?" అని అడిగాడు. ఏ కేసు రాయాలో తోచక పంపించేశాడు. నాలుగు అడుగులు పోయారో లేదో ఒక గుంత. అది దాటితే గుడ్డల బేళ్లు వేసుకుని వస్తున్న తోపుడు బండి. "వళి విడుంగ సార్!" అని తోసేవాళ్లు దారి కోసం తమిళంలో అరవడం, అడ్డంగా ఆవు, దాని వెనక ఒక ఆటో. ఆయన దిగిపోయారు. హ్యాండిల్ రెండు చేతులా పట్టుకుని, బరువంతా దాని మీద వేసి తోసుకుంటూ నడిచారు. కొట్టు ముందు బండి మడిచి గోడకు ఆనించి, మెత్త మీద కూర్చుని, "ఈడ జనం జాస్తి. తోసుకునే రావాల" అన్నారు. మరిది తలూపాడు.

ఆ రోజు నుంచి రోజూ జనం జాస్తే. ఛార్జర్ ఫ్రిజ్ మీద ఉంటుంది. శుక్రవారం శుక్రవారం దాని మీద దుమ్ము తుడుస్తాను.

మొన్న డాక్టరు మోకాలు నొక్కి చూసి సంతోషపడ్డాడు. "కర్ర పట్టుకుని రోజూ నడుస్తున్నారు కదూ?"

"కర్రా? నాకు బండి ఉంది సార్."

ఈ వయసులో అలాంటివి ప్రమాదం, వెంటనే అమ్మెయ్యండి అని డాక్టరు కేకలేశాడు. ఇంతవరకు ఒక్క యాక్సిడెంటు లేదన్నారు మా ఆయన. నేను గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను.

పోయిన ఆదివారం మరిది ఇంటికొచ్చాడు. ఆయన స్నానానికి వెళ్లారు. వరండాలో బండి చుట్టూ తిరిగి, "ఒక రౌండు ఏస్తా వదినా" అన్నాడు. మీట నొక్కితే లైటు కూడా వెలగదు. ఇన్నాళ్లూ ఆయన కాపాడుకున్న పరువు, ఆ మెత్త, అన్నీ ఈ వరండాలోనే పోతాయనిపించింది.

"ఛార్జి పెట్టేది మరిచిపోయినా. ఇంకో రోజు చూద్దువులే" అన్నాను.

అతను మీట జోలికే పోలేదు. హ్యాండిల్ రెండు చేతులా పట్టుకుని, బరువంతా దాని మీద వేసి, వరండా ఈ చివర నుంచి ఆ చివరికి మెల్లగా నడిచాడు. ఎడమ కాలు ఈడుస్తున్నాడు. ఎప్పటి నుంచి ఈడుస్తున్నాడో, నేనెప్పుడూ చూడనేలేదు.

తిరిగొచ్చి స్నానాల గది వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"వదినా, ఇది కొన్న చోట అడిగి చెప్తావా? బ్యాటరీ లేకుండా అయితే ఎంతకిస్తారో."